మెడ వాల్చిన పక్షికి టానిక్కు ఒక్కటే చాలదు

* కొరత తెలిసి ఇస్తేనే విటమిన్లతో మేలు
* బూజు పట్టిన వేరుశనగతో కాలేయానికి ముప్పు
* కొక్కెర తెగులుకు టీకాయే రక్ష

కనగానపల్లి: గంప ఎత్తగానే పరుగున బయటకు రావలసిన కోడి ఓ మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటుంది. మెడ పక్కకు తిరిగి ఉంటుంది. నూకలు చల్లినా ముక్కు ఆనించదు. పట్టణంలోనైతే వరండాలో వేలాడే పంజరంలో చిన్న చిలుక అదే తీరున అడుగున ముడుచుకుని కనిపిస్తుంది. అప్పుడు ఇంటివారు ముందుగా చేసే పని ఒక్కటే. దుకాణానికి వెళ్లి 'బలం మందు' అడిగి తెచ్చి, ముక్కు తెరిచి చెంచాతో పోస్తారు. కొన్ని పక్షులు తేరుకుంటాయి. మరికొన్ని తెల్లవారేసరికి చనిపోతాయి. తేరుకుంటే అది మందు గొప్పదనమని, చనిపోతే పక్షి రాత అని సరిపెట్టుకుంటారు. రెండింటికీ నడుమ తేడా ఎక్కడుందో వెతికేవారు తక్కువ.

శ్రీసత్యసాయి జిల్లాలోని ఈ మెట్ట ప్రాంతంలో నాటుకోడి అంటే ఇల్లాలి చేతి పైకం. వేరుశనగ చేతికి రాని ఏట నోటు పుస్తకాలకో, బస్సు ఖర్చులకో, ఆసుపత్రి చీటీకో అక్కరకు వచ్చేది అదే. పది కోళ్లు ఒకే వారంలో పోతే ఆ లెక్క ఏ పంట నష్టం జాబితాలోనూ చేరదు. పంజరపు పక్షి విలువ వేరు. అది పోతే నష్టం డబ్బులో ఉండదు, కానీ ఇంట్లో పిల్లలు రెండు రోజులు అన్నం ముట్టరు. అందువల్ల బలం మందు ఏ పక్షిని నిలబెడుతుంది, ఏ పక్షిని నిలబెట్టలేదు అన్న సంగతి తెలుసుకోవడం ఇద్దరికీ అవసరమే.

ఒకే లక్షణం... రెండు జబ్బులు

మెడ వెనక్కు విరుచుకుని ఆకాశం వైపు చూడటం అనే లక్షణానికి వైద్యశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. డచ్చివారి ఏలుబడిలోని జావా దీవిలో, నేటి జకార్తా నగరంలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని వెతుకుతుండేవారు. 1889లో ఆయన ప్రయోగశాలలోని కోళ్లు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయి, మెడ వాల్చి, తూలిపడసాగాయి. సూక్ష్మజీవి ఏదీ దొరకలేదు. కొన్ని నెలలకు ఎవరూ వైద్యం చేయకుండానే బతికి ఉన్న కోళ్లు కోలుకున్నాయి. ఆరా తీస్తే అసలు విషయం వంటశాలలో తేలింది. జబ్బు కాలమంతా కోళ్లకు సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లని పాలిషు బియ్యపు అన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైన్యపు అన్నం కోళ్లకు ఇవ్వనని నిరాకరించడంతో మళ్లీ ముడిబియ్యం వేశారు. దాంతోనే జబ్బు మాయమైంది.

అన్నంలో ఏదో విషం ఉండి ఉంటుందని ఐక్‌మన్ తొలుత భావించారు. విషం ఉండటం కాదు, తవుడుతో పాటు పోయిన ఒక పదార్థం లేకపోవడమే కారణమని 1901లో ఆయన తోటి పరిశోధకుడు హెరిట్ గ్రీన్స్ తేల్చారు. 1912లో కాసిమిర్ ఫంక్ అటువంటి పదార్థాలకు విటమిన్ అన్న పేరు పెట్టారు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి దక్కింది. నేడు మనుషులు మింగే బీకాంప్లెక్సు మాత్రకు మూలం ఒక విధంగా ఆ కోళ్ల దొడ్డే.

ఆ కోళ్లకు లోపించింది బీ1 విటమిన్. ఈ లోపంతో మెడ విరుచుకున్న పక్షికి బీ1 అందిస్తే గంటల వ్యవధిలోనే తేరుకుంటుంది. చూసేవారికి అద్భుతంలా ఉంటుంది. బలం మందుకు పల్లెల్లో వచ్చిన పేరంతా ఇటువంటి పక్షుల వల్ల వచ్చినదే.

అయితే మన ఊళ్లలో కోడి మెడ తిరగడానికి ఎక్కువగా కారణమయ్యేది రాణిఖేత్, అంటే కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను, జావాలోను, ఆ మరుసటి ఏడాది మన దేశంలో రాణిఖేత్‌లోను గుర్తించిన వైరస్ వ్యాధి ఇది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనాలు, నోరు తెరిచి రొప్పడం, రెక్కలు వాలడం, ఒకదాని వెంట ఒకటిగా దొడ్డి ఖాళీ కావడం దీని తీరు. వైరస్ నరాలను దెబ్బ తీయడం వల్ల మెడ మెలి తిరుగుతుంది. దీనికి బీ1 చుక్కలు వేసినా, చెంచాలతో పోసినా వైరస్‌పై ప్రభావం ఉండదు. తెగులు నుంచి బయటపడిన ఒకటి అరా కోళ్లు ఆ వంకర మెడతోనే జీవితాంతం తిరుగుతాయి. వాటికి నరాల బలం కోసం బీకాంప్లెక్సు ఇవ్వడంలో తప్పు లేదు గానీ, అది వైద్యం కాదు, ఊతం మాత్రమే.

రెండింటినీ వేరు చేసి చూడటానికి ఒక సులువైన ఆనవాలుంది. ఒకే రకం మేత తినే ఒకటి రెండు పక్షులు నెమ్మదిగా నీరసిస్తూ వస్తే పోషక లోపాన్ని అనుమానించవచ్చు. నిన్నటి దాకా గెంతిన కోళ్లు నేడు వరుసగా కూలిపోతుంటే అది తెగులే.

ముందు వెచ్చదనం, తర్వాత మేత, ఆ తర్వాతే మందు

పక్షులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని గద్ద ముందుగా ఎత్తుకుపోతుంది కనుక చివరి దాకా ఆరోగ్యంగా ఉన్నట్టు కనబడటం వాటి స్వభావం. ఇంటివారి కంటికి జబ్బు ఆనేసరికి చాలా రోజులు గడిచి ఉంటాయి. పట్టుకుని రొమ్ము మీద వేలు పెట్టి చూస్తే నడిమి ఎముక కత్తి అంచులా తగులుతుంది. చిన్న పక్షులైతే వంటింటి త్రాసు కన్నా మంచి వైద్య పరికరం లేదు. బడ్జెరిగార్ బరువు సాధారణంగా 30 నుంచి 40 గ్రాములు. అందులో మూడు నాలుగు గ్రాములు తగ్గినా ప్రమాద సూచికే. వారానికోసారి తూచి గోడ మీది క్యాలెండరులో రాసుకునే ఇళ్లలో పక్షులు ఎక్కువ కాలం బతకడంలో ఆశ్చర్యం లేదు.

పక్షి శరీరం మనకన్నా వేడిగా, 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ వేడిని నిలుపుకోవడానికి నిరంతరం తినాలి. మేత మానిన చిన్న పక్షి తన కండరాలనే కరిగించుకుంటూ ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. అందువల్ల నలత పడిన పక్షిని ముందు మిగతావాటి నుంచి వేరు చేసి వెచ్చగా ఉంచాలి. అట్టపెట్టెలో గుడ్డ పరచి, ఒక వైపు పాత తరహా 40 వాట్ల బల్బు తగలకుండా అమర్చి, లోపల 30 డిగ్రీల చుట్టూ ఉండేలా చూస్తే చాలు. ఇప్పుడు ఇళ్లలో వాడే ఎల్ఈడీ దీపం వెలుగు ఇస్తుందే తప్ప వేడి ఇవ్వదు. పెట్టె రెండో వైపు చల్లగానే ఉండాలి, వేడి ఎక్కువనిపిస్తే పక్షి తానే అటు జరుగుతుంది. ఈకలు ఉబ్బించుకోవడం మానిందంటే వెచ్చదనం సరిపోయినట్టు.

తర్వాత మేత. నీరసించిన పక్షికి కొత్త వంటకాలు పెట్టరాదు, దానికి అలవాటైనదే మెత్తగా చేసి పెట్టాలి. ఈ విషయంలో మెట్ట రైతులకు ఒక అదృష్టం ఉంది. ప్రపంచమంతటా పక్షి ప్రియులు జబ్బు పడిన చిన్న చిలుకల కోసం కొనే ఎండు కంకి మరేదో కాదు, మన కొర్ర కంకే. గిన్నెలోని గింజలను తాకని పక్షి కూడా పక్కన వేలాడదీసిన కంకిని పొడవడం మొదలు పెడుతుంది. నానబెట్టిన కొర్రలు, సజ్జలు, ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు కలిపి పెడితే మాంసకృత్తులు అందుతాయి. నానిన మేతను వేసవిలో రెండు మూడు గంటలకు మించి ఉంచరాదు, పులిసిపోతుంది.

నీటిలో కొద్దిగా బెల్లం లేదా గ్లూకోజు కలిపి ఇవ్వడం తక్షణ శక్తికి పనికొస్తుంది. దూరం నుంచి పెట్టెల్లో తెచ్చిన కోడిపిల్లలకు తొలి రోజు బెల్లం నీళ్లు పెట్టే ఆనవాయితీ ఇందుకే. అది ఒక రోజు మాటే. వారం పాటు తీపి నీళ్లు పెడితే పక్షికి కాక సూక్ష్మజీవులకు బలం వస్తుంది.

చెంచాతో పోయడం మాత్రం మానుకోవాలి. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది. బలవంతంగా పోసిన ద్రావణం నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మందు పోసిన కాసేపటికే ఎగశ్వాసతో చనిపోయిన పక్షుల్లో చాలావాటిని చంపింది జబ్బు కాదు, ఆ చెంచాయే. ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క తడిపి, అది మింగాక మరో చుక్క వేయాలి. స్పృహ లేని పక్షికి నోటి ద్వారా ఏదీ ఇవ్వరాదు.

ఎండ దెబ్బకు పద్ధతి వేరు

పైన చెప్పిన వెచ్చదనం సూత్రం ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలకు వర్తించదు. పక్షికి స్వేద గ్రంథులు లేవు. 40 డిగ్రీలు దాటిన ఎండలో నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. అలా రొప్పుతూ శరీరంలోని నీటితో పాటు బొగ్గుపులుసు వాయువును అతిగా బయటకు వదలడం వల్ల రక్తంలో ఆమ్ల, క్షార సమతూకం చెడుతుంది. వేసవిలో కోడిగుడ్ల పెంకు పలచబడటానికి ఇది ఒక కారణం. ఇక్కడ లవణాలు కలిసిన ఎలక్ట్రోలైట్ పొడి నిజంగానే ప్రాణం పోస్తుంది. కోడి తన శరీరంలోనే సీ విటమిన్ తయారు చేసుకోగలదు గానీ, తీవ్రమైన ఎండలో అది చాలదు. అందుకే వేసవి పొడుల్లో దాన్నీ చేరుస్తారు.

ఎండ దెబ్బ తిన్న పక్షిని నీడకు, గాలి ఆడే చోటికి చేర్చి, కాళ్లు చల్లని నీటితో తడపాలి. మంచు నీళ్లలో ముంచరాదు. మట్టి మూకుళ్లలో నీరు రోజుకు రెండు మూడుసార్లు మార్చాలి. లవణాల పొడి పక్షుల కోసం తయారైనదై ఉండాలి, పొట్లం మీది కొలత దాటరాదు. ఉప్పు ఎక్కువైతే తట్టుకునే శక్తి పక్షులకు చాలా తక్కువ. మేత వేళ కూడా మార్చాలి. మధ్యాహ్నపు ఎండలో తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో మరింత వేడి పుడుతుంది కనుక తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వేయడం మేలు.

మే నెలలో పల్లె కోడికి మరో లోటు ఏర్పడుతుంది. పచ్చిక ఎండిపోతుంది, పురుగులు కనబడవు. తిరిగి మేసే కోడికి విటమిన్లు అందేది ఈ రెండింటి నుంచే. పచ్చదనం లేక ఏ విటమిన్ తగ్గితే కళ్లు వాచి, రెప్పల కింద తెల్లని గడ్డ కడుతుంది. దీన్ని జలుబని భ్రమపడటం పరిపాటి. పెరట్లో మునగ చెట్టు ఉన్న ఇంటికి దీనికోసం సీసా కొనవలసిన పని లేదు. గుప్పెడు మునగాకు, తోటకూర, కొత్తిమీర కాడలు తరిగి వేస్తే ఏ విటమిన్‌కు కావలసిన ముడిసరుకు, దానితో పాటు సున్నపు ధాతువు దొరుకుతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు పెంచేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. నాటుకోడి కన్నా వేగంగా పెరిగే, ఎక్కువ గుడ్లు పెట్టే ఈ కోళ్లకు తిరిగి ఏరుకున్నది ఒక్కటే చాలదు.

గింజలే తినే పంజరపు పక్షి

మన పట్టణాల్లో 'లవ్‌బర్డ్స్' పేరుతో అమ్మేవి చాలావరకు బడ్జెరిగార్లు. నిజమైన లవ్‌బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, బడ్జెరిగార్లు ఆస్ట్రేలియావి. పేరు ఏదైనా వాటి జబ్బులకు మూలం ఒక్కటే. ఏళ్ల తరబడి ఎండు గింజలు తప్ప మరొకటి ఎరుగకపోవడం. గింజల్లో పిండి పదార్థం, కొవ్వు ఉంటాయి. ఏ విటమిన్, సున్నం, అయోడిన్ దాదాపు ఉండవు. అయోడిన్ తగ్గిన బడ్జెరిగార్‌కు గొంతు గ్రంథి వాచి శ్వాసనాళాన్ని నొక్కుతుంది, ఊపిరి తీసినప్పుడల్లా కీచుమని చప్పుడు వస్తుంది. సున్నం తగ్గిన ఆడపక్షికి గుడ్డు అడ్డుపడుతుంది. పంజరం అడుగున కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతున్న ఆడపక్షిని గంటల్లో వైద్యుని వద్దకు చేర్చకపోతే దక్కదు.

వీటి కోసమే పంజరంలో సముద్రపు నురుగు ముక్క కట్టాలంటారు. అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి శరీరం లోపలి పెంకు. సున్నపు ధాతువు నిండుగా ఉంటుంది. పక్షి తనకు కావలసినంతే గీరి తింటుంది కనుక మోతాదు మించే భయం తక్కువ. అది దొరకని చోట ఉడికించి ఎండబెట్టిన గుడ్డు పెంకుల పొడి చాలు. తాంబూలపు సున్నం మాత్రం పెట్టరాదు, నోరు పొక్కుతుంది. తిన్న సున్నం ఒంటబట్టాలంటే డీ విటమిన్ కావాలి, అది లేత ఎండలో తయారవుతుంది. అద్దం కిటికీ వెనుక పెట్టిన పంజరానికి ఆ ఎండ అందినట్టు కాదు, అవసరమైన కిరణాలను అద్దం అడ్డుకుంటుంది. మనుషుల డీ2 మాత్రలు పక్షులకు అంతగా పనిచేయవు, వాటికి డీ3 కావాలి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గాయపడిన చిలుక దొరికితే అటవీశాఖకు అప్పగించాలి. టానిక్కు పోసి పెంచుకుంటామంటే కుదరదు.

పొలంలోని విషం

ఈ ప్రాంతపు పెంపకందారులు మిగతా అన్నింటికన్నా ముందుగా చూసుకోవలసింది మేత గిన్నెను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతు తెలియని జబ్బుతో చనిపోయాయి. ఏ జబ్బో తెలియక దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. చివరికి ఆ కోళ్లన్నీ తిన్నది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క అని, దానికి పట్టిన ఆస్పర్జిల్లస్ అనే బూజు విడుదల చేసిన విషమే కారణమని తేలింది. అలా లోకానికి తెలిసిన విషం పేరు అఫ్లాటాక్సిన్.

వేరుశనగ మన ఇంటి పంట. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే ఈ బూజు పొలంలోనే గింజలోకి చేరుతుంది. పీకిన తర్వాత వాన తగిలినా, సరిగా ఆరకుండా బస్తాల్లో పోసినా మరింత పెరుగుతుంది. అనంతపురం మెట్టల్లో ఈ రెండూ అరుదు కావు. మంచి కాయలు బజారుకు పోతాయి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి 'కోళ్లకు పనికొస్తాయిలే' అంటూ దొడ్లో చల్లుతారు. ఏడాది పొడవునా జరిగే ఈ పని వల్ల కోడి వెంటనే చనిపోదు. కాలేయం మెల్లగా పాడవుతుంది, పెరుగుదల తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. రోగనిరోధక శక్తి దెబ్బతిని వేసిన టీకా కూడా సరిగా పట్టదు. టీకా వేయించినా తెగులు వచ్చిందని ఫిర్యాదు చేసేవారు ఈ కోణం కూడా చూసుకోవాలి. బాతులు, టర్కీలు కోళ్ల కన్నా దీనికి తొందరగా లొంగిపోతాయి.

కాలేయానికని అమ్మే టానిక్కులు ఇక్కడే ఎక్కువగా ఖర్చవుతాయి. ఉదయం టానిక్కు, సాయంత్రం బూజు కాయలు పెడితే ప్రయోజనం ఉండదు. వేయించినా, ఉడికించినా ఈ విషం సులభంగా పోదు. చేయగలిగింది ఒక్కటే, అనుమానం ఉన్న మేతను పూర్తిగా ఆపడం. కాయలను ఊపితే గలగలలాడేంత వరకు, తేమ 8 శాతం లోపునకు వచ్చేలా ఆరబెట్టి, నేల తేమ తగలకుండా చెక్కల మీద నిల్వ చేయాలి. పంజరపు పక్షులకు అంగడి నుంచి తెచ్చే గింజలనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ముక్కవాసన వస్తే పారబోయడమే, ఎండబెట్టి వాడటం కాదు.

విటమిన్ చాటున మందు

బలం పొడుల కథలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించారు. కోడిపిల్లల్లో రక్తహీనతను నివారించే పదార్థంగా వెలుగులోకి వచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది. 1948లో అక్కడి నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి అందింది. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. ఆ తర్వాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తయారు చేయగా మిగిలిన పిప్పిని బీ12 విటమిన్ కోసం కోడిపిల్లలకు పెట్టి చూశారు. బీ12 వల్ల రాదగిన దానికన్నా పిల్లలు ఎక్కువ బరువు పెరిగాయి. పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్ లేశమే అందుకు కారణమని గుర్తించారు. కోళ్ల మేతలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు అలా ప్రపంచమంతా పాకింది.

రోజూ కొద్దికొద్దిగా తగిలే మందుకు సూక్ష్మజీవులు అలవాటు పడిపోతాయని, అసలు జబ్బు వచ్చినప్పుడు ఆ మందు పనిచేయదని తర్వాత కాలంలో తెలిసింది. యూరప్ దేశాలు 2006 నుంచి ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించాయి. మన దేశంలో, మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ మందును ఆహారానికి పెంచే పశువులు, కోళ్లు, చేపల్లోను, వాటి మేత పొడుల్లోను వాడరాదని 2019 జులైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఉత్తర్వులిచ్చింది. అందువల్ల 'బలం పొడి' పొట్లం మీద విటమిన్ల పేర్లతో పాటు ఇంకేమి రాసి ఉందో చదవాలి. చదవలేని చిన్న అక్షరాలైతే దుకాణదారు చేత చదివించుకోవాలి. గుడ్లు, మాంసం ఇంట్లో వాడే కోళ్లకు వైద్యుడు రాయని యాంటీబయాటిక్ ఇవ్వరాదు.

ఎక్కువైనా కీడే

బీ, సీ విటమిన్లు మోతాదు మించితే శరీరం చాలావరకు బయటకు పంపేస్తుంది. ఏ, డీ విటమిన్ల సంగతి అది కాదు, కొవ్వులో పేరుకుంటాయి. డీ ఎక్కువైతే మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది. 35 గ్రాముల పక్షికి మనుషుల చుక్కల మందు లెక్క కట్టడం ఇంట్లో సాధ్యమయ్యే పని కాదు. రెండు మూడు రకాల పొడులు కలిపి వాడేవారు తెలియకుండానే ఒకే విటమిన్‌ను రెండింతలు ఇస్తుంటారు.

నీటిలో కలిపి ఇచ్చే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. జబ్బు పక్షి తక్కువ తాగుతుంది కనుక మందు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతుంది. రంగు, వాసన మారితే కొన్ని పక్షులు ఆ నీటిని ముట్టనే ముట్టవు, దాహంతో మరింత కుంగిపోతాయి. వెలుతురుకు బీ2 చెడుతుంది, గాలికి సీ చెడుతుంది. ఉదయం కలిపిన నీరు సాయంత్రానికి పేరుకే మందు. రాగి, ఇనుప పాత్రలు ఇందుకు పనికిరావు. మట్టి, పింగాణీ పాత్రలు మేలు. తినే పక్షికైతే తడి మేత మీద చల్లి ఇవ్వడమే నమ్మకమైన మార్గం.

నిజంగా బలం మందు అక్కరకు వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. టీకా వేయించిన తర్వాత మూడు రోజులు, దూర ప్రయాణం తర్వాత, ఈకలు రాల్చే కాలంలో, గుడ్లు పెట్టే వేళ, యాంటీబయాటిక్ కోర్సు ముగిశాక ఇస్తే పక్షి త్వరగా పుంజుకుంటుంది. నట్టలున్న కోడికి ముందు నట్టల మందు ఇచ్చాకే బలం మందు ఇవ్వాలి. లేకుంటే ఆ బలమంతా నట్టలకే చేరుతుంది. కాలి వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడిచే కోడిపిల్లలకు బీ2 వెంటనే ఇస్తే నిలదొక్కుకుంటాయి, ఆలస్యమైతే నరం దెబ్బతిని ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

టీకా వేళ తప్పరాదు

కొక్కెర తెగులుకు టీకా తప్ప మరో రక్షణ లేదు. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లో లేదా ముక్కులో చుక్కగా వేస్తారు. నాలుగో వారంలో మరోసారి లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బీ సూది వేయిస్తారు. ఈ టీకాలు బతికున్న వైరస్‌తో తయారైనవి. మంచు డబ్బాలో లేకుండా ఎండలో తిరిగిన సీసా నీళ్లతో సమానం. కలిపిన మందును రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక ఇంటివారు వేయించి పక్కింటివారు మానేస్తే ప్రయోజనం సగమే కనుక వీధి మొత్తం కోళ్లకు ఒకే ఉదయం, గంపలు ఎత్తకముందే వేయించడం ఉత్తమం. అప్పటికే నలతగా ఉన్న కోడికి టీకా వేయరాదు.

ఒకేసారి ఎక్కువ పక్షులు చనిపోతే అసలు ఇంటి వైద్యమే పనికిరాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ల మరణాలకు బర్డ్‌ఫ్లూ కారణమని నిర్ధారణ అయింది. అది మనుషులకూ సోకగలదు. చనిపోయిన కోళ్లను కోయడం, కాలువలో పడేయడం, పక్క ఊరికి చవకగా అమ్మడం చేయరాదు. గ్రామంలోని పశుసంవర్ధక సహాయకునికి గానీ, మండల పశువైద్యశాలకు గానీ వెంటనే తెలపాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వివరాలు చెబుతారు. చిలుక జాతి పక్షుల నుంచి మనుషులకు జ్వరం, దగ్గు అంటించే మరో వ్యాధి ఉంది కనుక పంజరం శుభ్రం చేసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, రెట్టను తడిపాకే తుడవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి.

పక్షిని వైద్యశాలకు తీసుకువెళ్లేటప్పుడు ఒక్క పక్షిని మాత్రమే పట్టుకువెళ్తే వైద్యునికి సగమే తెలుస్తుంది. తెల్ల కాగితం మీద పడిన ఆ ఉదయపు రెట్ట, పెడుతున్న మేత గుప్పెడు, అప్పటిదాకా పోసిన మందుల పొట్లాలు వెంట ఉండాలి. పక్షి చనిపోతే కళేబరాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చుట్టూ మంచు ముక్కలు పెట్టి, అదే రోజు చేర్చాలి. గడ్డకట్టే పెట్టెలో పెడితే కండరాలు, కాలేయం దెబ్బతిని పరీక్షకు పనికిరావు. ఒక కోడి పోయిన కారణం తెలిస్తే గంప కింద మిగిలిన తొమ్మిదింటికి ఏమి చేయాలో ఆ సాయంత్రానికే తేలుతుంది.